జేబులో స్పెక్ట్రోమీటర్: కల్తీని ఫోన్ పట్టేస్తుందా?

ఫోన్ కెమెరా పెడితే చాలు, పాలలో కల్తీ, నకిలీ ట్యాబ్లెట్ అన్నీ దొరికిపోతాయనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఇది పూర్తిగా గాలి కబురేం కాదు. 2014లో స్కియో అనే బుల్లి స్పెక్ట్రోమీటర్‌కి కిక్‌స్టార్టర్‌లో 27 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. 2017 సీఈఎస్‌లో చాంగ్‌హాంగ్ హెచ్2 ఫోన్ అదే సెన్సార్‌తో కనిపించింది. మరి ఆ ఫీచర్ ఇప్పటికీ మన ఫోన్లలోకి ఎందుకు రాలేదు?

అసలు ఎలా పనిచేస్తుంది?

అణువుల్లోని బంధాలు స్ప్రింగుల్లా ఊగుతుంటాయి. ఒక్కో రకం బంధం కొన్ని ప్రత్యేకమైన ఇన్‌ఫ్రారెడ్ తరంగాలనే పీల్చుకుంటుంది. ఏ తరంగం ఎంత తగ్గిందో గ్రాఫ్ గీస్తే, అదే ఆ పదార్థం వేలిముద్ర.

చిక్కంతా ఇక్కడే. స్పష్టమైన వేలిముద్ర 2.5 నుంచి 25 మైక్రోమీటర్ల మధ్య ఉంటుంది. సిలికాన్ సెన్సార్ చూపు సుమారు 1.1 మైక్రోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అక్కడ దొరికేది ఒకదానిమీద ఒకటి పడిన మసక సిగ్నల్ మాత్రమే. దాన్ని సాఫ్ట్‌వేర్ తన డేటాబేస్‌తో పోల్చి జవాబు చెబుతుంది. కోడ్ రాసేవాడిగా నాకు అనిపించేది ఒకటే: ఇందులో అసలు ప్రోడక్ట్ సెన్సార్ కాదు, ట్రైనింగ్ డేటా. డేటాలో లేని పదార్థం పెడితే, మోడల్ దగ్గరగా ఉన్న పేరేదో ధీమాగా చెప్పేసే ప్రమాదం ఉంది.

ఇక మామూలు కెమెరా యాప్‌ల సంగతి ఇంకా కష్టం. కెమెరా కాంతిని మూడు రంగులుగానే చూస్తుంది. పైగా ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ ముందే ఉంటుంది.

ప్రాణాల మీదకొస్తే?

2022లో గాంబియాలో పిల్లల మరణాల తర్వాత, భారత్‌లో తయారైన నాలుగు సిరప్‌ల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక ఇచ్చింది. వాటిలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషాలు దొరికాయి. సిరప్‌లలో వాడే గ్లిజరిన్‌లో వీటికి అనుమతించిన పరిమితి 0.1 శాతమే. పైగా గ్లిజరిన్‌లో ఉండే రకం బంధాలే వీటిలోనూ ఉంటాయి. అంత తక్కువ మోతాదుని పట్టాలంటే ల్యాబ్‌లో గ్యాస్ క్రొమాటోగ్రఫీతో ముందు మిశ్రమాన్ని విడదీయాలి. ఆ తర్వాత మాస్ స్పెక్ట్రోమీటర్ ఒక్కో ముక్క బరువు చూసి పేరు తేలుస్తుంది. జేబు గ్యాడ్జెట్‌లో ఆ విడదీసే పనే లేదు.

నా వెర్డిక్ట్

పండులో తీపి, ధాన్యంలో తేమ, ప్లాస్టిక్ రకం లాంటివాటికి ఈ టెక్నాలజీ బాగా పనికొస్తుంది. కొనేముందు స్పెక్ షీట్‌లో మూడు చూడండి: తరంగదైర్ఘ్యం రేంజ్, పట్టగల కనీస శాతం, డేటాబేస్‌లో ఏమేం ఉన్నాయి. ఇవి రాయకపోతే డబ్బులు దాచుకోండి. మందు సీసా మీద డౌట్ వస్తే మాత్రం యాప్ తెరవొద్దు. ఆ మందు వాడటం ఆపి, సీసాని బిల్లుతో సహా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇవ్వండి.