వయసు మీద పడ్డ గొంతు, తగ్గించిన శ్రుతి

రాక్ సంగీతం వినే మనోళ్ళ మధ్య ఎప్పటికీ తెగని వాదన ఒకటుంది. ఎనభై ఏళ్ళ గాయకుడు స్టేజీ ఎక్కాలా, లేక గొంతు బాగున్నప్పుడే మర్యాదగా దిగిపోవాలా? 1943లో పుట్టిన మిక్ జాగర్ 2024లో కూడా రోలింగ్ స్టోన్స్‌తో అమెరికాలో ఊరూరా తిరిగి పాడాడు. అదే ఏడాది ఆగస్టులో ఏరోస్మిత్ బృందం, స్టీవెన్ టైలర్ గొంతుకైన గాయం పూర్తిగా మానేలా లేదని చెప్పి టూర్లు ఆపేసింది. ఆజీ ఆస్బోర్న్ 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో సింహాసనం లాంటి కుర్చీలో కూర్చొని ఆఖరి కచేరీ చేశాడు. 17 రోజులకే కన్నుమూశాడు.

ఒకరేమో "ఆల్బమ్‌లో ఉన్నట్టు పాడలేనప్పుడు అన్ని వేలు పెట్టి టికెట్ ఎందుకు కొనాలి?" అంటారు. ఇంకొకరు "పాట కోసం కాదు భయ్, మనిషి కోసం పోతాం" అంటారు. ఎవరి మాట నిజమో చూసే ముందు, అసలు గొంతుకు ఏమవుతుందో తెలుసుకుందాం.

స్వరం పైకి పోవాలంటే స్వరతంత్రులు సాగి బిగుసుకోవాలి, ఎక్కువ వేగంతో కంపించాలి. వయసుతో వాటి కండ పలచబడుతుంది, సాగే గుణం తగ్గుతుంది. రెండు తంత్రులూ పూర్తిగా మూసుకోక మధ్యలోంచి గాలి లీకవుతుంది. ఛాతీ గోడ బిగుసుకొని, ఒక్క ఊపిరికి పట్టే గాలీ తగ్గుతుంది. అందుకే పై స్థాయి స్వరాలు కష్టమవుతాయి, పొడుగు చరణం మధ్యలో విరుగుతుంది.

దీనికి అందరూ వాడే ఉపాయం శ్రుతి తగ్గించడం. పద్యనాటకాల హార్మోనియం లెక్కలో చెప్తే, ఆరు శ్రుతిలో పాడేది ఐదుకు దించడం. మన లెక్కలో చెప్తే 440 హెర్ట్జ్‌ది 392కు రావడం. పక్కపక్క మెట్ల మధ్య నిష్పత్తి సుమారు 1.059 కాబట్టి, రెండు మెట్లు దిగితే పౌనఃపున్యం దాదాపు 11 శాతం తగ్గుతుంది. పాటలోని స్వరాలన్నీ ఒకే నిష్పత్తిలో దిగుతాయి, అందుకే రాగం చెడదు. చాలామందికి తేడా కూడా తెలియదు. ఆ 11 శాతమే గాయకుడికి ఇంకో పదేళ్ళు ఇవ్వొచ్చు.

మరి మన గాయకుల సంగతి? జానకమ్మ 2016లో ఇక పాడనని ప్రకటించి, 2017 అక్టోబర్‌లో మైసూరులో వీడ్కోలు కచేరీ చేశారు. బాలు గారు మాత్రం డెబ్బై దాటాక కూడా వేదికలు వదల్లేదు. యాభై ఏళ్ళ పాటల ప్రయాణం పేరుతో 2016లో మొదలుపెట్టిన టూర్‌లో దేశాలు తిరిగారు. మిక్ జాగర్ పుట్టిన ఏడాదే పుట్టిన ఇళయరాజా 2025 మార్చి 8న లండన్‌లో తన సింఫనీ వినిపించారు. ముగ్గురిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదనే నా ఉద్దేశం. ఆపడమూ కొనసాగించడమూ పాడేవాళ్ళ హక్కు.

అసలు చిక్కు రికార్డింగ్ దగ్గరుంది. ముప్పై అయిదేళ్ళప్పుడు పాడిన పాట మన ఫోన్‌లో ఎప్పటికీ ముప్పై అయిదేళ్ళదే. డెబ్బై ఏళ్ళ మనిషి స్టేజీ మీద తన పాత గొంతుతోనే పోటీ పడాలి. ఆ పోటీలో ఎవరూ గెలవరు.

మాది రఘునాథపల్లి. జిల్లాలు మారాక జనగామలోకి వచ్చింది గానీ మా పెద్దోళ్ళ నోట ఇప్పటికీ వరంగల్లే. మా పక్క మండలం లింగాలఘనపురంలోని మాణిక్యాపురమే ఒగ్గుకథ పితామహుడిగా పేరుబడ్డ చుక్క సత్తయ్య గారి ఊరు. 1935లో పుట్టిన ఆయన సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకొని, 2017 నవంబర్‌లో కన్నుమూశారు. మా వైపు మల్లన్న కథో బీరప్ప కథో చెప్తుంటే, పెద్దాయన గొంతు జీరబోయిందని లేచిపోయినోళ్ళను నేను చూడలేదు.

ఎందుకంటే ఒగ్గుకథ కట్టుబడే వేరు. ప్రధాన కథకుడు ఒక మాట అని వదిలితే పక్కన వంత పాడేవాళ్ళు దాన్ని అందుకుంటారు. డోలు, తాళాలు ఆ ఖాళీని నింపుతాయి. ఆ లోపల ఆయన ఊపిరి తీసుకుంటాడు. కథకుడికి వయసు పెరిగేకొద్దీ వంత వాటా పెరుగుతుంది, కుర్రోళ్ళు అట్లనే నేర్చుకుంటారు. పైగా పోల్చి చూడడానికి ఆయన పాతికేళ్ళప్పటి ఆల్బమ్ ఎవరి దగ్గరా ఉండదు. ఆ రాత్రి చెప్పిందే అసలు కథ.

ఇంకో తేడా కూడా చెప్పాలి. రాక్ స్టార్‌కు ఆపేయడం ఒక నిర్ణయం. ఆపేసినా పాత పాటల మీద రాయల్టీ వస్తది. కథ చెప్పుకొని బతికేటోళ్ళకు ఆపేస్తే ఇంటికొచ్చే పైసలు ఆగుతయి. వంత నేర్చుకునే కుర్రోడు లేకుంటే ఆ కథా అక్కడితో ఆగుతది. మా జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ బిరుదు వచ్చాక ఫొటోలు దిగేవాళ్ళ కన్నా, రాకముందు కూర్చొని చూసినవాళ్ళే ఆ కళను ఇంతదాకా తెచ్చారు.

కాబట్టి నా లెక్క ఇది. శ్రుతి తగ్గించడం, కుర్చీలో కూర్చోవడం, వంతకు వదలడం మోసం కాదు, పనితనం. పాత ట్రాక్ వేసి పెదవులు కదిపి, లైవ్ అని టికెట్ అమ్మితే అది మోసం. అప్పుడు డబ్బులు వాపసు అడగండి. ఈసారి పెద్ద వయసు గాయకుడి కచేరీ వీడియో చూసేటప్పుడు ఫోన్‌లో ట్యూనర్ ఆప్ తెరిచి, ఎన్ని మెట్లు దిగారో లెక్కపెట్టండి. తర్వాత, దిగినచోట పాటను ఎట్లా నిలబెట్టారో వినండి. సెలవుల్లో మా వైపు వస్తే కథ ఎక్కడ చెప్తున్నారో కనుక్కుంటాను. తెల్లారేదాకా కూర్చునే ఓపిక మాత్రం మీరే తెచ్చుకోవాలి.