కారుకు నలుగు: క్లే బార్, క్లియర్ కోట్‌ల కథ

కారును షాంపూతో శుభ్రంగా కడిగి, ఆ తడి ఆరకముందే చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా జరిపి చూడండి. కంటికి నున్నగా కనిపిస్తున్న చోటే వేళ్లకు గరుకు తగులుతుంది. ఒట్టి చేతికి అంతగా తెలియని గరుకు కవరులోంచి తెలుస్తుంది. కవరు వల్ల రాపిడి తగ్గి చెయ్యి తేలిగ్గా జారుతుంది, అలా జారుతున్నప్పుడు అడ్డొచ్చే ప్రతి చిన్న బొడిపె వేలికి పట్టుబడుతుంది.

కడిగితే పోయే దుమ్ము వేరు, ఇది వేరు. బ్రేకులు అరిగి రాలిన ఇనుప రజను, రైలు పట్టాల దగ్గర ఎగిరే లోహపు పొడి, పక్క షెడ్డులో స్ప్రే కొడుతుంటే గాలికి కొట్టుకొచ్చిన పెయింటు తుంపర, రోడ్డు మీది తారు చుక్కలు, చెట్ల జిగురు, ఫ్యాక్టరీ పొగలోని రేణువులు కలిసి ఆ గరుకును తయారుచేస్తాయి. ఇవి పెయింటు మీద వాలి ఊరుకోవు, అందులో పాతుకుంటాయి. వాటిని ఊడబెరకడానికి పుట్టిన వస్తువే క్లే బార్. ఎంత గట్టిగా రుద్దవచ్చో, ఎక్కడ చెయ్యి ఆపాలో తేల్చేది మాత్రం ఆ పెయింటు మీదున్న పారదర్శక పొర గట్టిదనం. అందుకే ఈ రెండింటి కథనూ కలిపి చెప్పుకోవాలి.

పారదర్శక పొర ఎలా వచ్చింది?

తొలి కార్లకు గుర్రపు బగ్గీలకు వేసినట్టే నూనె రంగులూ వార్నిష్‌లూ కుంచెతో పూసేవారు. ఒక్కో పొర ఆరడానికి రోజులు, మొత్తం పని పూర్తవడానికి వారాలు పట్టేది. 1913లో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్ మొదలుపెట్టాక కారు బిగించడం గంటల పని అయింది గానీ, రంగు ఆరడం మాత్రం పెద్ద అడ్డంకిగా మిగిలింది. 1923లో డూపాంట్ తెచ్చిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకర్ ఈ అడ్డంకిని తొలగించింది. జనరల్ మోటార్స్ వారి 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లు 'ట్రూ బ్లూ' నీలంలో మెరుస్తూ బయటికి వచ్చాయి. ఆరే సమయం గంటల్లోకి దిగింది, రంగుల ఎంపిక కొనేవారి చేతికి వచ్చింది. తర్వాత ఆల్కిడ్ ఎనామెళ్లు, 1950ల్లో యాక్రిలిక్ లాకర్లు వచ్చాయి.

ఇవన్నీ ఒకే పొర పద్ధతులు. ఎండలో రంగు వెలిసి సున్నం కొట్టినట్టయితే, పై పొరను రుద్దేసి కింది తాజా రంగును బయటికి తెచ్చేవారు. పాలిష్ గుడ్డకు కారు రంగే అంటుకునేది. మెటాలిక్ రంగులకు ఈ పద్ధతి కుదరలేదు. అందులోని అల్యూమినియం రేకులు నేరుగా ఎండకూ వానకూ గురైతే త్వరగా నల్లబడతాయి. దాంతో 1970ల చివర, 1980ల్లో పని రెండుగా విడిపోయింది. రంగు కోసం పల్చటి బేస్ కోట్, రక్షణకూ మెరుపుకూ దాని మీద రంగులేని క్లియర్ కోట్ వేయడం మొదలైంది.

ఇవాళ ఫ్యాక్టరీ నుంచి వచ్చే కారు ఉక్కు రేకు మీద సాధారణంగా నాలుగు పొరలుంటాయి. తుప్పు పట్టకుండా విద్యుత్ తొట్టెలో ముంచి పట్టించే ఈ-కోట్ సుమారు 20 మైక్రాన్లు, ప్రైమర్ 30 చిల్లర, బేస్ కోట్ 15 అటూ ఇటూ, క్లియర్ కోట్ 35 నుంచి 50. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే పెయింటు మొత్తం కలిపినా మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. అందులో సగానికి లోపున్న క్లియర్ కోటే ఎండ, వాన, ఇసుక, పక్షి రెట్టలన్నిటినీ తట్టుకోవాలి. అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు అందులోనే కలిసి ఉంటాయి. ఆ పొర పల్చబడితే రక్షణా అంతే పల్చబడుతుంది. పాత కార్ల టాపు మీద, బానెట్ మీద తెల్లగా పొలుసులు లేచిపోయి కనిపించేది ఈ పొర చచ్చిపోయిన చోటే.

పాతుకుపోయే శత్రువులు

అన్నిటిలోకీ మొండిది ఇనుము. బ్రేకు వేసినప్పుడు డిస్కు నుంచి రాలే రేణువు వేడిగా ఎగిరి క్లియర్ కోట్‌లో గుచ్చుకుంటుంది. తేమ తగిలితే తుప్పు పడుతుంది. తుప్పు పరిమాణం అసలు ఇనుము కంటే ఎక్కువ కాబట్టి, రేణువు ఉబ్బుతూ చుట్టూ ఉన్న పొరను లోపల్నుంచి నెడుతుంది. తెల్ల కారు మీద నారింజ రంగు చుక్కలు వచ్చాయంటే బాడీ తుప్పు పట్టిందని చాలామంది కంగారు పడతారు. ఎక్కువసార్లు అవి బయటినుంచి వచ్చి పాతుకున్న ఇనుప రజను ముక్కలే.

తర్వాతిది ఆమ్లం. తొలితరం యాక్రిలిక్-మెలమైన్ క్లియర్ కోట్లలోని రసాయన బంధాలను ఆమ్ల వర్షం తెంపేది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు జాక్సన్‌విల్ నగరంలో వేడి, తేమ, ఆమ్లపు తుంపర కలిసి కార్ల మీద చెరగని మచ్చలు పెట్టడంతో, వాహన పరిశ్రమ ఆ ఊరినే పరీక్షా క్షేత్రంగా చేసుకుంది. నమూనా పలకలను వేసవిలో వారాల తరబడి అక్కడ ఆరుబయట ఉంచి చూస్తారు. ఆమ్లానికి లొంగని కొత్త రెసిన్లు వచ్చింది ఇలాంటి పరీక్షల ఒత్తిడి వల్లే.

మన ప్రాంతంలో రోజూ ఎదురయ్యేది బోరు నీళ్ల ఉప్పు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలాచోట్ల భూగర్భజలం కాల్షియం, మెగ్నీషియం లవణాలతో కఠినంగా ఉంటుంది. ఎండలో కారు కడిగి ఆరనిచ్చేస్తే ప్రతి చుక్కా తెల్లటి వలయంగా మిగిలిపోతుంది. విశాఖలో ఓడరేవు వైపు నుంచి వచ్చే బొగ్గు, ఖనిజపు దుమ్ము దీనికి తోడు. ఇన్ని రకాల మరకలకు ఒకే మందు లేదు. తారుకు ద్రావకం, నీటి మచ్చకు తేలికపాటి ఆమ్లం, ఇనుముకు ఇంకో రసాయనం కావాలి. ఇవన్నీ పనిచేశాక కూడా మిగిలేవాటి కోసం క్లే బార్ ఉంది.

వంగే సానరాయి

క్లే బార్ జపాన్‌లో పుట్టింది. దాన్ని తయారుచేసిన తడావో కొదాతే పేరిట అమెరికాలో 1995 డిసెంబరులో పేటెంటు మంజూరైంది. ఆ పత్రం దీన్ని సాగే, వంగే సానరాయిగా వర్ణిస్తుంది. పేరులో మట్టి ఉన్నా ఇది కుమ్మరి మట్టి కాదు. పాలీబ్యూటీన్ లాంటి మెత్తని రెసిన్‌లో అతి సన్నటి రాపిడి పొడిని కలిపి పిసికిన ముద్ద. 1990ల్లో అమెరికా పెయింటు షాపులకు చేరింది. మొదట్లో స్ప్రే తుంపర పడిన కార్లను మళ్లీ పెయింటు చేయకుండా కాపాడే పనిముట్టుగా పేరు తెచ్చుకుంది. దాని హక్కుల మీద కంపెనీలు కోర్టుల్లో కొట్లాడుకున్నాయి. తర్వాత ఇదే పని చేసే తువ్వాళ్లు, చేతి తొడుగులు, స్పాంజిలు కూడా ఇంటింటికీ వచ్చాయి.

దాని పనితీరు మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. పండగనాడు ఒంటికి నూనె పట్టించి సున్నిపిండితో నలుగు పెడతారు. పొడి పిండితో రుద్దితే చర్మం మండుతుంది. నూనె ఉంటే పిండి జారుతూ మట్టిని మాత్రం లాక్కొస్తుంది. క్లే బార్‌కూ అంతే, ముందు జారుడు ద్రవం చల్లాలి. ఆ ద్రవపు పల్చటి పొర మీద ముద్ద తేలుతూ సాగుతుంది. నున్నటి చోట దానికి పట్టు దొరకదు. పైకి పొడుచుకొచ్చిన రేణువు తగిలితే మాత్రం ముద్ద దాని చుట్టూ ఒదిగి, పట్టుకుని పెకలించి, తన ఒంట్లో కలుపుకుంటుంది.

పనిచేస్తున్నప్పుడు చెవి, వేళ్లు రెండూ సాక్ష్యం చెబుతాయి. మొదటి రెండు మూడు వరసల్లో ముద్ద పట్టి పట్టి జరుగుతుంది, సన్నగా గరగరమంటుంది. తర్వాత ఆ చప్పుడు పోయి చెయ్యి జారిపోతుంది. ఆ భాగం పని అయిపోయినట్టు. ముద్ద తిప్పి చూస్తే లేత రంగు మీద గోధుమరంగు చారలు, నల్లటి చుక్కలు కనిపిస్తాయి. దాన్ని మడిచి, పిసికి, శుభ్రమైన ముఖం పైకి తెచ్చుకుని ముందుకు వెళ్లాలి. కింద పడిన ముద్దను ఎంత ఖరీదు పెట్టి కొన్నా పారేయాల్సిందే. నేల మీది ఇసుక రేణువు ఒక్కటి అందులో ఇరుక్కున్నా అది కారు పొడవునా గీత గీస్తుంది.

క్లే పట్టుకునే ముందు ఇనుమును రసాయనంతో కరిగించడం ఇప్పటి మంచి పద్ధతి. థయోగ్లైకొలేట్ ఉన్న ద్రవం చల్లితే, కొద్ది నిమిషాల్లో తెల్ల కారు తలుపుల మీద నుంచి ఊదారంగు కన్నీటి చారలు దిగుతాయి. థయోగ్లైకొలేట్ ఇనుముతో కలిసి ఏర్పడే సమ్మేళనపు రంగు అది. జుట్టు రింగులు తిప్పే పెర్మింగ్ మందుల్లోనూ, వెంట్రుకలు తొలగించే క్రీముల్లోనూ ఉండేది ఈ కుటుంబపు రసాయనమే. ఆ ఘాటు వాసన అందుకే. ఇనుము ఇలా కరిగిపోతే క్లేతో రుద్దాల్సిన పని సగం తగ్గుతుంది. రుద్దుడు తగ్గితే గీతలూ తగ్గుతాయి.

గట్టిదనాన్ని కొలిచే పెన్సిలు

క్లే కూడా సానరాయే కాబట్టి మెత్తని క్లియర్ కోట్ మీద సన్నటి మసక గీతలు వదిలిపెట్టగలదు. గట్టి పొర మీద అదే ముద్ద ఏ జాడా వదలదు. మరి గట్టిదనం తెలిసేదెలా?

పెయింటు పరిశ్రమలో ఎక్కువగా వాడే కొలత పెన్సిలు పరీక్ష. 1795లో ఫ్రాన్స్‌కు చెందిన నికొలా-జాక్ కొంతే గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చి పెన్సిలు ములుకు తయారుచేశాడు. మట్టి పాలు పెరిగితే ములుకు గట్టిపడుతుంది. అలా 9బి నుంచి హెచ్‌బి మీదుగా 9హెచ్ వరకు మెట్లు ఏర్పడ్డాయి. పరీక్షలో చెక్కను చెక్కి ములుకును 5-6 మిల్లీమీటర్లు బయటపెడతారు. కొనను గరుకు కాగితం మీద రుద్ది చదును చేస్తారు. 45 డిగ్రీల కోణంలో, 750 గ్రాముల బరువుతో పెయింటు మీద నెడతారు. గీత పెట్టలేకపోయిన పెన్సిళ్లలో అన్నిటికంటే గట్టిది ఏదో, అదే ఆ పొర గట్టిదనం. కార్ల క్లియర్ కోట్లు సాధారణంగా హెచ్‌బి నుంచి 2హెచ్ చుట్టుపక్కల ఉంటాయి.

ఇక్కడే కొనేవారు మోసపోతున్నారు. సిరామిక్ కోటింగ్ ప్రకటనల్లో కనిపించే 9హెచ్ ఈ పెన్సిళ్ల మెట్టే. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా పోల్చే మోస్ కొలమానంలో వజ్రం తర్వాతి మెట్టుగా దాన్ని పొరబడేలా చెప్పడం అన్యాయం. గ్రాఫైట్ స్వయంగా మోస్ కొలమానంలో 1-2 మధ్య ఉండే పదార్థం. మన రోడ్డు మీది ఇసుకలోని క్వార్ట్‌జ్ గట్టిదనం 7. దుమ్ము నిండిన గుడ్డతో తుడిస్తే 9హెచ్ కోటింగ్ మీదా గీతలు పడతాయి.

పైగా గట్టిదనం ఒక్కటే మన్నికను చెప్పదు. క్లియర్ కోట్‌లో యాక్రిలిక్ గొలుసులు అడ్డబంధాలతో అల్లుకుని ఉంటాయి. అల్లిక ఎంత చిక్కనైతే పొర అంత గట్టిది. మరీ చిక్కనైతే రాయి తగిలినప్పుడు పెళుసుగా రేగిపోతుంది. కాస్త సాగే గుణం ఉంటే గీత పడినా తిరిగి పూడుకుంటుంది. మెర్సిడెస్-బెంజ్ 2003 చివర్లో నానో సిరామిక్ రేణువులు కలిపిన క్లియర్ కోట్‌తో గట్టిదనపు దారి పట్టింది. నిస్సాన్ 2005లో నిప్పాన్ పెయింట్‌తో కలిసి ఇంకో దారి పట్టి, సన్నటి గీతలు ఒక రోజు నుంచి వారం లోపల వాటంతటవే పూడుకునే సాగుడు పొరను ప్రకటించింది. అందుకే ఇప్పటి ప్రయోగశాలలు పెన్సిలుతో ఆగిపోవడం లేదు. లీటరు నీటిలో ఒకటిన్నర గ్రాముల క్వార్ట్‌జ్ పొడి కలిపి, తిరిగే బ్రష్‌తో పలకను కడిగి, ముందూ తర్వాతా మెరుపు ఎంత తగ్గిందో కొలుస్తాయి.

మీ కారు మీద తేల్చుకోవడం

పెన్సిలు పరీక్ష పెయింటును గీకుతుంది కాబట్టి సొంత కారు మీద చేయకూడదు. పనితెలిసినవాళ్లు చేసేది టెస్ట్ స్పాట్. జానెడు చోటును టేపుతో సగానికి విడదీసి, ఒక సగం మీద అతి మెత్తని ప్యాడ్, అతి తేలిక పాలిష్‌తో ప్రయత్నిస్తారు. టార్చి వెలుగులో రెండు సగాలనూ పోల్చి చూస్తారు. గీతలు తేలిగ్గా పోతే పొర మెత్తన, అక్కడితో ఆగాలి. చలించకపోతేనే ఒక మెట్టు గట్టి ప్యాడ్‌కు వెళ్లాలి. ఫలానా కంపెనీ పెయింటు గట్టిది, ఫలానాది మెత్తన అనే మాటలను నమ్మి నేరుగా మెషీన్ పెట్టకూడదు. ఫ్యాక్టరీ పెయింటు సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుతుంది. డెంటింగ్ షెడ్డులో మళ్లీ వేసిన తలుపు 60 డిగ్రీల దగ్గరే గట్టిపడే వేరే రకం. ఒకే కారు మీద రెండు గట్టిదనాలు ఉండవచ్చు.

మందం కొలిచే చిన్న గేజీ కూడా తప్పనిసరి. ఉక్కు మీద అయస్కాంత ప్రేరణతో, అల్యూమినియం మీద సుడి విద్యుత్ ప్రవాహాలతో అది రేకుకూ పైభాగానికీ మధ్య దూరం చెబుతుంది. చూపేది నాలుగు పొరల మొత్తమే, క్లియర్ కోట్ ఒక్కదాని లెక్క కాదు. ప్లాస్టిక్ బంపరు మీద అసలు పనిచేయదు. అయినా 110 ఉండాల్సిన చోట 80 చూపిస్తే, ఎవరో ఇదివరకే బాగా రుద్దేశారని అర్థం.

లెక్క సులువు. 45 మైక్రాన్ల క్లియర్ కోట్ ఉందనుకుందాం. ప్రతి ఏటా 'రబ్బింగ్ పాలిష్' పేరుతో 3 మైక్రాన్లు పోతే, అయిదేళ్లలో మూడో వంతు హరించుకుపోతుంది. పోయిన పొర మళ్లీ పెరగదు, పైన పూసే ఏ వ్యాక్సూ ఆ లోటు తీర్చదు. షోరూమ్ మెరుపు తెస్తామంటూ కారు చూడకముందే బఫింగ్ మెషీన్ ఆన్ చేసే పద్ధతి మారి తీరాలి. కొత్త కారు తీసుకున్న నెలలోనే బానెట్, టాపు, తలుపుల మందం కొలిపించి ఆ అంకెలు బండి కాగితాలతో పాటు దాచుకోండి. ముందు కడగడం, తర్వాత రసాయనం, అప్పటికీ గరుకుంటేనే క్లే, గీతలు కనిపిస్తేనే పాలిష్. ఈ వరస తప్పనివ్వకండి. ఏ షాపు వాళ్లయినా టెస్ట్ స్పాట్ చూపించాకే మెషీన్ పెట్టనివ్వండి. అలా అడగడం కారు యజమానిగా మీ హక్కు.