పరుపు కింద గడియారం, జైలుకు తిరిగొచ్చిన ఖాన్!

సంక్రాంతికి పరిగిలో పతంగి తెగితే ఏమవుతుంది? మిద్దె మీద “అఫా!” అని కేక. ఆ వెంటే గోడలు, తీగలు, కుక్కలు దేన్నీ లెక్కచేయకుండా గల్లీలో పిల్లల పరుగు! కాబూల్‌లోనూ అంతే. గాజుపొడి పట్టించిన మాంజా, తెగిన వేళ్లు, దొరకబుచ్చుకున్నవాడిదే పతంగి అన్న న్యాయం... అన్నీ సేమ్. అలా తెగిన ఒక నీలం పతంగి చుట్టూ అల్లిన నవలే ‘ది కైట్ రన్నర్’. అఫ్గాన్ ఇళ్లలో జరిగే ద్రోహాలు, లోలోపల కుమిలిపోవడాలు, తప్పు దిద్దుకునే తిప్పలు ప్రపంచమంతా చదివింది ఈ నవలతోనే. చర్ఖా పట్టుకోండి, దారం వదులుతున్నా!

మీకు తెలుసా? ఈ నవల రాసిన ఖాలెద్ హొసేనీ డాక్టరు! 1965లో కాబూల్‌లో పుట్టారు. 1980లో కుటుంబంతో సహా అమెరికాలో ఆశ్రయం పొందారు. అప్పటికి ఆయనకు ఇంగ్లిష్ ముక్కలు ముక్కలుగా తప్ప రాదు. 2003లో అదే ఇంగ్లిష్‌లో ఈ నవల! తెల్లవారకముందే లేచి రాసుకోవడం, ఆ తర్వాత వెళ్లి రోగుల్ని చూడడం. డాక్టర్ల రాత ఎవరికీ అర్థం కాదని ఇకమీదట అనకండి!

మీకు తెలుసా? ఇదంతా ఒక టీవీ వార్తతో మొదలైంది. తాలిబన్లు పతంగులు నిషేధించారని విని 1999లో హొసేనీ ఓ పాతిక పేజీల కథ రాశారు. పత్రికలు తిప్పి పంపాయి. రెండేళ్ల తర్వాత ఆ కాగితాలే మళ్లీ చేతికొచ్చాయి, నవలగా పెరిగాయి. మన దేశంలో 2017లో జాతీయ హరిత ట్రైబ్యునల్ నిషేధించింది నైలాన్ మాంజాను. తాలిబన్లు ఏకంగా పతంగినే నిషేధించారు!

మీకు తెలుసా? నవలలో అమీర్ ఇరవై ఏళ్ల తర్వాత కాబూల్‌కు తిరిగి వెళ్తాడు. రచయిత మాత్రం అది రాసేనాటికి వెళ్లనే లేదు! 2003 మార్చిలో, 27 ఏళ్ల తర్వాత, కాబూల్ గడ్డ మీద కాలు పెట్టారు. అప్పటికే నవల పూర్తయిపోయింది. హీరో ముందు, రచయిత వెనక!

ఇప్పుడు అసలైన వింత. కాస్త దగ్గరికి రండి. అమీర్ పెద్దింటి పిల్లాడు, హసన్ పనివాడి కొడుకు. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగారు. తన కోసం పతంగి తేవడానికి పరిగెత్తిన హసన్ మీద గల్లీలో ఘోరం జరుగుతుంటే, అమీర్ చాటుగా నిలబడి చూస్తాడు. నోరు మెదపడు. ఆ తర్వాత హసన్ ముఖం చూడలేక, వాణ్ని ఇంట్లోంచి పంపించేయాలని తన పుట్టినరోజు గడియారం, కొంత డబ్బు తీసుకెళ్లి వాడి పరుపు కింద పెడతాడు. దొంగతనం అంటగడతాడు. అడిగితే హసన్ ఏమన్నాడు? తీశానన్నాడు! తన దోస్తు అబద్ధాన్ని తానే మోశాడు.

మీకు తెలుసా? ఆ గడియారం, ఆ పరుపు నవలలో మళ్లీ వస్తాయి! పెద్దయ్యాక అమీర్ అఫ్గానిస్థాన్‌లో ఓ పేదవాడి ఇంట్లో ఒక రాత్రి ఉంటాడు. పిల్లలు తన గడియారం వంక చూస్తున్నారనుకుని దాన్ని వాళ్లకు ఇచ్చేస్తాడు. తర్వాత తెలుస్తుంది, వాళ్లు చూసింది తాను తింటున్న తిండి వంక! పొద్దున బయల్దేరేముందు ఎవరూ చూడకుండా కొంత డబ్బు పరుపు కింద పెట్టి వెళ్తాడు. ఒకప్పుడు ఒకణ్ని దొంగను చేయడానికి, ఇప్పుడు ఒక ఇంటి ఆకలి తీర్చడానికి. నన్నడిగితే ఈ నవల ప్రాణమంతా ఆ రెండు పరుపుల కిందే ఉంది.

మీకు తెలుసా? లోకంలో దొంగతనం తప్ప మరో పాపమే లేదని కొడుక్కి నూరిపోసింది అమీర్ తండ్రి. ఆ పెద్దమనిషి దాచిన నిజం ఏమిటో తెలుసా? హసన్ ఆయనకే పుట్టిన కొడుకు! పనివాడి పరువు, ఇద్దరు పిల్లల అన్నదమ్ముల బంధం, అన్నీ కాజేసిందెవరు మరి? నీతులు చెప్పిన నోరే!

మీకు తెలుసా? అసెఫ్ అనే రౌడీని హసన్ చిన్నప్పుడు ఉండేలుతో బెదిరిస్తాడు, ఎడమ కన్ను పోతుంది జాగ్రత్త అని. పాతికేళ్లు దాటాక అదే అసెఫ్ కన్ను నిజంగానే పోతుంది. ఏ కన్ను? ఎడమదే! కొట్టింది ఎవరు? హసన్ కొడుకు. దేంతో? ఉండేలుతోనే! పిల్లాడి పేరు సొహ్రాబ్. ఫిర్దౌసి 1010లో ముగించిన ‘షానామా’లో తండ్రి రుస్తుం చేతిలో, ఆయనెవరో తెలియకుండానే, చచ్చిపోయే కొడుకు పేరది. ఆ కావ్యంలో దాదాపు 50 వేల ద్విపదలున్నాయి. చదవడం మొదలుపెడితే ఎన్ని సంక్రాంతులు పడుతుందో!

మీకు తెలుసా? 2007లో వచ్చిన ‘కైట్ రన్నర్’ సినిమాలోని కాబూల్, కాబూల్ కాదు! చైనాలోని కష్గర్. పైగా విడుదల ఆరు వారాలు వాయిదా పడింది. నటించిన అఫ్గాన్ పిల్లలకు ఊళ్లో ప్రమాదమని ముందుగా వాళ్లను దేశం దాటించాల్సి వచ్చింది. బొమ్మ కన్నా పిల్లలు ముఖ్యం. శభాష్!

కొంతైనా నిజంగా అఫ్గానిస్థాన్‌లో తీసిన సినిమా కావాలా? 1992లో వచ్చిన ‘ఖుదా గవా’ చూడండి! గుర్రాల మీద మేక కళేబరం కోసం కొట్టుకునే బుజ్‌కషీ ఆట, అమితాబ్ బచ్చన్ బాద్‌షా ఖాన్, తల్లిగా కూతురిగా శ్రీదేవి. ఇన్‌స్పెక్టర్ ఎవరనుకున్నారు? మన నాగార్జున! అప్పటి అధ్యక్షుడు నజీబుల్లా షూటింగ్‌కు భారీ బందోబస్తు పెట్టించారు. సినిమా మేలో విడుదలైంది. ఆయన కుర్చీ ఏప్రిల్‌లోనే పోయింది!

అందులో కథ ఏమిటంటే, బాద్‌షా ఖాన్ పెళ్లి చేసుకుని, జైలరుకు ఇచ్చిన మాట కోసం భార్యను వదిలి భారతదేశ జైలుకు తనంతట తాను తిరిగొస్తాడు. మాట నిలబెట్టుకున్నాడని మనం చప్పట్లు కొడతాం. అక్కడ భార్యకు మతి చలించింది, కూతురు తండ్రి ముఖం చూడకుండా పెరిగింది. చప్పట్లు కొట్టాలా, కళ్లు తుడుచుకోవాలా?

జైలంటే మరొకటి గుర్తొచ్చింది. టాగోర్ 1892లో రాసిన ‘కాబూలీవాలా’లో రహ్మత్ ఎందుకు జైలుకెళ్లాడో తెలుసా? శాలువా తీసుకుని బాకీ లేదని బుకాయించినవాణ్ని పొడిచాడు! ఒక శాలువా, ఎన్నో ఏళ్ల జైలు.

మీకు తెలుసా? హొసేనీ రెండో నవల ‘ఎ థౌజండ్ స్ప్లెండిడ్ సన్స్’లో ఒక తండ్రి పశ్చాత్తాపం వీడియో క్యాసెట్‌లో ఉంటుంది! హేరాత్‌లో సినిమా హాలు యజమాని జలీల్. బయటి కూతురు మరియం ‘పినోకియో’ చూపించమని అడిగితే రాలేదు, ఇంటికొస్తే తలుపు తీయించలేదు. తర్వాత ఆయన కాబూల్ వస్తే ఆమె తలుపు తీయలేదు. చివరికి ఆయన వదిలిన పెట్టెలో ఉత్తరం, డబ్బు, ‘పినోకియో’ క్యాసెట్! అది అందేసరికి మరియం లేదు.

మీకు తెలుసా? మూడో నవల ‘అండ్ ది మౌంటెన్స్ ఎకోడ్’లో అబ్దుల్లా ఒక నెమలి ఈక కోసం కాళ్ల చెప్పులిచ్చేసి వట్టికాళ్లతో ఇంటికొస్తాడు. ఎవరికోసం? చెల్లి పరీ కోసం. చలికాలం గడవక 1952లో తండ్రి ఆ చెల్లినే డబ్బున్నవాళ్లకు ఇచ్చేస్తాడు. ముసలితనంలో అన్నాచెల్లెళ్లు కలుస్తారు. అప్పటికి అన్నకు చెల్లి గుర్తులేదు, చెల్లికి ఈకల సంగతి గుర్తులేదు! ఈకలు మాత్రం డబ్బాలో భద్రం.

మీకు తెలుసా? కాబూల్‌లో పుట్టిన అతీక్ రహీమీకి 2008లో ఫ్రాన్స్‌లో అతి పెద్ద సాహిత్య బహుమతి గోంకూర్ వచ్చింది. కష్టాలు చెప్పుకుంటే అన్నీ మింగి, ఒకనాడు ఫట్‌మని పగిలిపోయే రాయి ఉందని, బహుమతి తెచ్చిన ఆ నవలలో ఒక నమ్మకం. ఆ ఇంట్లో రాయి ఎవరనుకున్నారు? మెడలో తూటాతో స్పృహ లేకుండా పడి ఉన్న భర్త! భార్య గుట్టంతా విప్పుతుంది, పిల్లలు నీకు పుట్టినవాళ్లు కారని కూడా. తాండూరు బండకు చెప్పుకున్నా పోయేది, ఆ మొగుడు చివర్లో లేచి కూర్చుంటాడు!

మీకు తెలుసా? అదే రహీమీ 2011లో దొస్తోయేవ్‌స్కీని కాబూల్‌కు దింపారు! రసూల్ అనే కుర్రాడు ఒక వడ్డీ ముసలిదాని మీద గొడ్డలి ఎత్తుతాడు. ఎత్తగానే దొస్తోయేవ్‌స్కీ ‘నేరము శిక్ష’ నవల గుర్తొస్తుంది. గొడ్డలి మాత్రం ఆగదు! డబ్బు వదిలేసి పారిపోతాడు. వచ్చి చూస్తే శవం లేదు. లొంగిపోతానంటే పట్టుకునే నాథుడు లేడు. అంతర్యుద్ధంలో రోజూ వందల శవాలు లేస్తున్న ఊరు, ఒక ముసలిదాని చావు ఎవరికి పట్టింది? తప్పు చేశాను, విచారణ చేయండి, శిక్ష వేయండి అని హంతకుడే కచేరీ చుట్టూ తిరుగుతుంటే, వినే తీరిక అక్కడ ఒక్కరికీ లేదు!