ఆర్టీసీలో సమ్మె నోటీసు ఇచ్చారంటే రేపటి నుంచి బస్సులు బందేనా? నోటీసుకు, సమ్మెకు మధ్య ఏం జరుగుతుంది?

“ఆర్టీసీలో మోగిన సమ్మె సైరన్” అని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ రాగానే అందరికీ వచ్చే అనుమానం ఒకటే. రేపు బస్సు ఉంటుందా, ఉండదా? జగిత్యాల, కోరుట్ల నుంచి హైదరాబాద్‌కు టికెట్ బుక్ చేసుకున్నవాళ్లు, సిరిసిల్ల నుంచి రోజూ కరీంనగర్‌కు కాలేజీకో ఆస్పత్రికో వెళ్లేవాళ్లు డిపోకు ఫోన్లు కొట్టడం మొదలుపెడతారు.

సూటిగా చెప్పాలంటే, రేపే ఆగవు. సమ్మె నోటీసు అంటే సమ్మె కాదు. “మా డిమాండ్లపై చర్చలకు రండి, లేదంటే ఫలానా తేదీ తర్వాత విధులకు రాము” అని కార్మికులు యాజమాన్యానికి రాతపూర్వకంగా చెప్పడం. ఆ కాగితం ఇచ్చిన రోజు నుంచి బస్సు ఆగే రోజు దాకా చాలా మెట్లు ఉంటాయి. ఆ మెట్లు తెలిస్తే ఏ వార్తకు కంగారు పడాలో, ఏ వార్తను పట్టించుకోనక్కర్లేదో మీకే అర్థమవుతుంది.

నోటీసు ఎందుకు ఇవ్వాలి?

చట్టం ఇమ్మంటుంది కాబట్టి. బస్సులు, రైళ్లు, విమానాలు, కరెంటు, నీళ్ల లాంటి ప్రజోపయోగ సేవల్లో చెప్పాపెట్టకుండా సమ్మెకు దిగకూడదని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. నోటీసు ఇచ్చాక కనీసం 14 రోజులు ఆగాలి. కార్మిక శాఖ అధికారి ఇరుపక్షాలను కూర్చోబెట్టి రాజీ చర్చలు జరుపుతుంటే, అవి ముగిసిన తర్వాత మరో 7 రోజుల వరకు సమ్మె చేయకూడదు.

2025 నవంబర్ 21 నుంచి దేశంలో అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ 14 రోజుల నిబంధనను ప్రజోపయోగ సేవలకే కాకుండా అన్ని పరిశ్రమలకూ వర్తింపజేసింది. సగం మంది, అంతకు మించి ఉద్యోగులు కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెట్టినా దాన్ని సమ్మెగానే లెక్కిస్తామని కూడా చెప్పింది.

నోటీసు లేకపోతే ప్రయాణికుడి పరిస్థితి ఏమిటో గల్ఫ్‌కు వెళ్లొచ్చే కుటుంబాలకు బాగా తెలుసు. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది చాలామంది ఒకేసారి సిక్ లీవ్ పెట్టారు. విమానాలు పదుల సంఖ్యలో రద్దయ్యాయి. వీసా గడువు దగ్గరపడ్డవాళ్లకు ఎయిర్‌పోర్టుకు వెళ్లాక గానీ విషయం తెలియలేదు. సంస్థ 25 మందిని ఉద్యోగాల్లోంచి తీసేసింది. చివరకు ఢిల్లీలో కార్మిక శాఖ అధికారుల ఎదుట యూనియన్, యాజమాన్యం కూర్చుని మే 9న రాజీకి వచ్చాయి. తీసేసినవాళ్లను తిరిగి తీసుకున్నారు. ఆర్టీసీలో ఇచ్చే నోటీసు యాజమాన్యానికి హెచ్చరిక అయితే, మీకు ముందస్తు సమాచారం.

బేరం దేని గురించి?

సిరిసిల్లలో మరమగ్గాల కార్మికులు యజమానులతో కూలి రేటు మాట్లాడుకోవడం మీకు తెలిసిందే. కోరుట్ల, జగిత్యాలలో బీడీ కార్మికులకు వెయ్యి బీడీలకు ఇంత అని ఒప్పందం జరగడమూ తెలుసు. ఆర్టీసీలో జరిగేదీ అలాంటి బేరమే. కాకపోతే ఇక్కడ దాన్ని వేతన సవరణ లేదా పీఆర్సీ అంటారు. నాలుగేళ్లకోసారి జరగాలి. ఈ వార్తల్లో తరచూ కనిపించే మాటలు ఇవి:

ఫిట్‌మెంట్: మూల వేతనంపై ఎంత శాతం పెంచుతారన్నది. ఉదాహరణకు మూల వేతనం 20,000 రూపాయలుంటే 21 శాతం ఫిట్‌మెంట్ అంటే 4,200 రూపాయలు.

ఐఆర్: అసలు పెంపు తేలేదాకా తాత్కాలికంగా ఇచ్చే భృతి.

బకాయిలు: పెంపు అమలు కావాల్సిన తేదీకి, నిజంగా చేతికొచ్చిన తేదీకి మధ్య రావాల్సిన సొమ్ము.

అసలు గొడవంతా ఈ మూడో మాట దగ్గరే. 2013 ఏప్రిల్ నుంచి అమలు కావాల్సిన పెంపు 2015 మేలో, 8 రోజుల సమ్మె తర్వాత 44 శాతం ఫిట్‌మెంట్‌గా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో రావాల్సిన తర్వాతి సవరణకు బదులు 2018లో 16 శాతం ఐఆర్ ఇచ్చారు. అసలు ఫిట్‌మెంట్ 21 శాతమని 2024 మార్చిలో ప్రకటించి, జూన్ 1 నుంచి అమలు చేశారు. అంటే ఏడేళ్ల ఆలస్యం. బకాయిలను ఉద్యోగ విరమణ సమయంలో ఇస్తామన్నారు. ఈలోగా 2021 పీఆర్సీ గడువు దాటిపోయింది. 2025 పీఆర్సీ గడువూ వచ్చేసింది.

ఒక కండక్టర్ వైపు నుంచి చూడండి. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి ప్రతి ఏడూ పెరుగుతాయి. జీతం మాత్రం ఎప్పుడు పెరుగుతుందో ముందుగా తెలియదు. సమ్మె నోటీసుల్లో శాతం ఎంత అన్నదానితో పాటు తేదీ ఎప్పుడు అన్న ప్రశ్న ఎప్పుడూ ఉండటానికి కారణం ఇదే.

జీతం ఒక్కటేనా?

కాదు. 2025 జనవరి 27న ఆర్టీసీ జేఏసీ ఇచ్చిన నోటీసులో 21 డిమాండ్లు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది విలీనం. ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలోకి తీసుకునే బిల్లును 2023 ఆగస్టు 6న అసెంబ్లీ ఆమోదించింది. అప్పటి లెక్క ప్రకారం 43,373 మంది. సెప్టెంబర్‌లో గవర్నర్ సంతకమూ అయింది. కానీ ఏ తేదీ నుంచి అమలవుతుందో ప్రకటించకపోవడంతో అదే డిమాండ్ మళ్లీ బల్ల మీదకు వచ్చింది.

రెండోది ఎలక్ట్రిక్ బస్సులు. ఇవి ఆర్టీసీ సొంత బస్సులు కావు. ప్రైవేటు సంస్థ తన బస్సును, డ్రైవర్‌ను ఇస్తుంది. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంత చొప్పున చెల్లిస్తుంది. ఇలాంటి బస్సులు పెరిగితే డిపోల్లో తమ ఉద్యోగాలకు చోటుండదన్నది కార్మికుల భయం. ప్రయాణికుడికి కొత్త బస్సు, కాలుష్యం లేని ప్రయాణం దక్కుతాయన్నది సంస్థ వాదన.

మూడోది సీసీఎస్. ఉద్యోగుల జీతంలోంచి ప్రతి నెలా కోసి జమ చేసే పరపతి సహకార సంఘం డబ్బు. ఆ డబ్బును సంస్థ వాడుకుని సకాలంలో తిరిగి కట్టకపోవడంతో ఇంటికో పెళ్లికో లోను అడిగిన ఉద్యోగులు ఎదురుచూడాల్సి వచ్చింది.

వీటికి తోడు పనిభారం. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. కండక్టర్ ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టాలి. ఆ టికెట్ల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కడుతుంది. కిక్కిరిసిన బస్సులో ఎవరైనా టికెట్ తీసుకోకుండా దిగిపోతే, చెకింగ్‌లో సమాధానం చెప్పుకోవాల్సింది కండక్టరే.

బల్లకు అటు ఎవరు, ఇటు ఎవరు?

చర్చలు ఎందుకు సాగుతూనే ఉంటాయో ఇక్కడ తెలుస్తుంది. కార్మికుల తరఫున ఎవరు మాట్లాడాలన్నది గుర్తింపు సంఘం ఎన్నికతో తేలాలి. డిపోల్లో రహస్య ఓటింగ్ జరుగుతుంది. తెలంగాణ ఆర్టీసీలో అలాంటి ఎన్నిక చివరిసారి 2016 జూలైలో జరిగింది. తెలంగాణ మజ్దూర్ యూనియన్ గెలిచింది. రెండేళ్ల గడువు ముగిశాక మళ్లీ ఎన్నిక పెట్టలేదు. 2019 సమ్మె తర్వాత యూనియన్లను పక్కనపెట్టి డిపోల్లో ఉద్యోగుల సంక్షేమ మండళ్లు పెట్టారు. అందుకే 2025లో సంఘాలు జేఏసీలుగా ఏర్పడి నోటీసులిచ్చాయి. జేఏసీ కూడా ఒకటి కాదు. ఒక జేఏసీ చర్చలకు వెళ్తే, ఇంకోటి ఒప్పుకోకపోవచ్చు.

కొత్త కోడ్ దీనికి ఒక లెక్క చెప్పింది. సంస్థలో 51 శాతం మంది మద్దతున్న సంఘమే చర్చలకు ఏకైక ప్రతినిధి. అంత బలం ఎవరికీ లేకపోతే, కనీసం 20 శాతం మద్దతున్న సంఘాలతో ఒక చర్చల మండలి ఏర్పాటు చేయాలి.

బల్లకు అటువైపు ఉన్న చిక్కు ఇంకోటి. పేరుకు యాజమాన్యం బస్ భవన్‌లో ఉంటుంది. ఫిట్‌మెంట్‌కు కావాల్సిన డబ్బు మాత్రం ప్రభుత్వం సరే అంటేనే వస్తుంది. కాబట్టి అధికారులతో మాటలు ముగిశాక అసలు చర్చ రవాణా మంత్రి దగ్గరికి, ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్తుంది. 2019లోనూ, 2025లోనూ ముగ్గురు ఐఏఎస్ అధికారులతో కమిటీ వేశారు. ఫలితం మాత్రం ఒకేలా రాలేదు.

చర్చలు ఫలిస్తే ఎలా? విఫలమైతే ఎలా?

2025లో నోటీసు ఇచ్చింది జనవరి 27న. సమ్మె తేదీ మే 7. మధ్యలో సరిగ్గా 100 రోజులు. మే 6న మంత్రి పొన్నం ప్రభాకర్‌తో చర్చల తర్వాత జేఏసీ సమ్మెను వాయిదా వేసింది. మరుసటి రోజు బస్సులు యథావిధిగా నడిచాయి.

2019లో అక్టోబర్ 4న కమిటీతో చర్చలు విఫలమయ్యాయి. 5వ తేదీ నుంచి 48 వేల మందికి పైగా విధులకు దూరమయ్యారు. దసరా ముందు మొదలైన సమ్మె 52 రోజులు సాగింది. పాఠశాలల సెలవులు 19వ తేదీ దాకా పొడిగించారు. గడువులోగా రానివాళ్లు ఇక ఉద్యోగులు కారని ప్రభుత్వం ప్రకటించింది. విషయం హైకోర్టుకు వెళ్లింది. సమ్మె చట్టబద్ధమో కాదో తేల్చాల్సింది లేబర్ కోర్టేనంటూ, నవంబర్ 18న హైకోర్టు బంతిని కార్మిక శాఖ కమిషనర్‌కు పంపింది. నవంబర్ 25న కార్మికులు ఏ డిమాండూ నెరవేరకుండానే సమ్మె విరమించారు. తర్వాత ప్రభుత్వం వారిని విధుల్లోకి తీసుకుంది. సమ్మె కాలానికి జీతం ఇస్తామంది. రిటైర్మెంట్ వయసు 60కి పెంచింది. అదే డిసెంబర్‌లో టికెట్ ధర కిలోమీటరుకు 20 పైసలు పెరిగింది. ఆ 52 రోజులు ఇబ్బంది పడిన ప్రయాణికుడే పెరిగిన ఛార్జీ కూడా కట్టాడు.

ఇంతకీ మీరేం చూసుకోవాలి?

ఒకటి, వార్తలో తేదీ. నోటీసు ఇచ్చిన తేదీ ఏది, సమ్మె మొదలయ్యే తేదీ ఏది అని విడివిడిగా చూడండి. సమ్మె తేదీ లేకపోతే ప్రయాణం మార్చుకోనక్కర్లేదు.

రెండు, చర్చలు ఎవరితో జరుగుతున్నాయి? కార్మిక శాఖ పిలిస్తే ఇంకా సమయం ఉన్నట్టు. మంత్రి పిలిచారంటే ఆఖరి మెట్టు. 2025లో ముందురోజే తేలింది, కాబట్టి ఆ రోజు సాయంత్రం వార్త చూశాకే టికెట్ రద్దు చేసుకోండి. సర్వీసును సంస్థే రద్దు చేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. మీరు తొందరపడి రద్దు చేసుకుంటే కొంత కోత పడుతుంది.

మూడు, అద్దె బస్సులు. వీటి డ్రైవర్లు ఆర్టీసీ ఉద్యోగులు కారు. సమ్మె జరిగినా తాత్కాలిక కండక్టర్లతో కొన్ని తిరుగుతాయి. అయితే అవి ఊళ్లకన్నా ప్రధాన రూట్లలోనే ఎక్కువ కనిపిస్తాయి.

నాలుగు, మీ ఊరికి వేరే దారి. జగిత్యాల, కోరుట్ల వాళ్లకు పెద్దపల్లి–నిజామాబాద్ రైలు మార్గం ఉంది. రైళ్లు తక్కువ. జగిత్యాల స్టేషన్ ఊరి బయట లింగంపేటలో ఉంటుందని గుర్తుంచుకోండి. సిరిసిల్ల వైపు రైలు మార్గం 2023 అక్టోబర్‌లో సిద్దిపేట దాకా వచ్చింది. అక్కడి నుంచి సిరిసిల్లకు బస్సో కారో తప్పదు. పరీక్ష, ఆస్పత్రి, ఎయిర్‌పోర్టు ప్రయాణాలు సమ్మె తేదీకి దగ్గరగా ఉంటే ఒకరోజు ముందే బయల్దేరడం మేలు.

చివరగా, “సమ్మె వాయిదా” అన్న మాటకు, “సమ్మె విరమణ” అన్న మాటకు తేడా గమనించండి. విరమించారంటే ఆ నోటీసు కథ ముగిసినట్టు. వాయిదా అంటే డిమాండ్లు అలాగే ఉన్నట్టు. 2025 మే 6న జేఏసీ అన్నది వాయిదా అని.