32 సెంటీమీటర్ల రహస్యం

"సార్, దారిలో ఎవడైనా ఆ ఫోటాన్‌ని జెరాక్స్ తీసుకుని, అసలుదాన్ని ముందుకి పంపేస్తే?" సందేశానికి వేసే రహస్య తాళంచెవిని ఫోటాన్ల (కాంతి కణాల) మీద పంపే పద్ధతి చెబుతుంటే క్లాసులో ఒక కుర్రాడి ప్రశ్న. కిటుకంతా అక్కడే ఉంది.

మామూలు నెట్‌వర్క్‌లో నకలు తీసుకోవడానికి అడ్డేమీ లేదు. మనకు తెలియను కూడా తెలియదు. సందేశాల్ని గుప్తంగా మార్చే 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ పద్ధతి ధీమా వేరు: తీసుకెళ్లు, విప్పడం నీ వల్ల కాదు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించడం తేలిక. లబ్ధంలోంచి వాటిని వెనక్కి రాబట్టడం మహా కష్టం. అయితే పెద్ద క్వాంటమ్ కంప్యూటరే గనక వస్తే అదీ తేలికేనని 1994లో పీటర్ షోర్ తేల్చేశాడు. అంటే ఇవాళ దాచుకున్న నకలు ఎప్పటికైనా పనికొస్తుంది.

పరిశోధకులు చార్లెస్ బెనెట్, జిల్ బ్రసార్ ఆ నకలు మీదే దెబ్బ కొట్టారు. 1984లో తమ ఫోటాన్ పద్ధతిని వాళ్లు ప్రకటించింది మన బెంగళూరులో జరిగిన ఒక సదస్సులోనే. పంపేవాడు ఒక్కో ఫోటాన్‌నీ నిలువు-అడ్డం జతలోనో, ఏటవాలు జతలోనో ధ్రువణం చేసి వదులుతాడు. అందుకునేవాడు ఏదో ఒక జత ఎంచుకుని కొలుస్తాడు. జత కలిస్తే జవాబు సరైనది, కలవకపోతే బొమ్మా బొరుసే. తర్వాత ఇద్దరూ బాహాటంగానే ఏ జత వాడారో చెప్పుకుంటారు, జవాబులు మాత్రం చెప్పుకోరు. కలవనివి పారేస్తారు. మిగిలినవే తాళంచెవి.

మధ్యలో దొంగ దూరాడనుకోండి. తెలియని ఫోటాన్‌కి అచ్చమైన నకలు తీయడం ప్రకృతిలోనే కుదరదు. కొలిచి, కొత్తది పంపాల్సిందే. సగంసార్లు వాడి జత తప్పుతుంది, అందులో సగంసార్లు అందుకునేవాడికి తప్పుడు జవాబు వస్తుంది. అంటే నూటికి పాతిక తప్పులు! కొన్ని జవాబులు బయటపెట్టి పోల్చుకుంటే దొంగ దొరికిపోతాడు, ఆ తాళంచెవి చెత్తబుట్టలోకి పోతుంది.

1989లో ఐబీఎం ప్రయోగశాలలో దీన్ని కట్టి చూశారు. ఆకుపచ్చ ఎల్‌ఈడీ నుంచి మిణుకుమిణుకుమనే కాంతి గాలిలో 32 సెంటీమీటర్లు ప్రయాణించింది, అంతే. తమాషా ఏమిటంటే, ధ్రువణం మార్చే పరికరాల విద్యుత్ సరఫరా చప్పుడు చేసేది, అదీ ధ్రువణాన్ని బట్టి ఒక్కో రకంగా! చెవుడున్న గూఢచారి నుంచయితే మా యంత్రానికి పూర్తి భద్రత ఉందని బ్రసార్ తర్వాత జోక్ వేశాడు. నాకు సిద్ధాంతం కంటే ఈ చప్పుడే ఇష్టం. 2010లోనూ అదే కథ: బజారులో అమ్మే యంత్రాల డిటెక్టర్ల మీద గట్టి వెలుతురు కొట్టి, వాటిని గుడ్డివి చేసి తాళంచెవి లాగొచ్చని పరిశోధకులు చూపించారు.

ఆ తర్వాత చైనా ఉపగ్రహం మిసియస్ ఈ తాళంచెవి పంపకాన్ని 1,200 కిలోమీటర్లకు చేర్చింది. ఇటు గణితంవాళ్లూ ఊరుకోలేదు, షోర్ పద్ధతికి లొంగవని నమ్ముతున్న కొత్త లెక్కలకు 2024లో అమెరికా ప్రమాణాలు వచ్చాయి.

ఒకటి మాత్రం ఫోటాన్ చెప్పలేదు: జతల గురించి మాట్లాడుతున్న అవతలి మనిషి అసలువాడేనా అని. అది తేల్చడానికి ముందే పంచుకున్న చిన్న రహస్యమో, పాతకాలపు గణిత సంతకమో ఉండాల్సిందే.