నాలుగు వందల్లో నాలుగు

"అందరి వీపులే ఉన్నాయేంటయ్యా? మీ ఊళ్లో మొహాలు లేవా?"

నా ఫొటోలు చూసి ఓ పెద్దాయన అన్న మొదటి మాట ఇది. విజయవాడ వన్‌టౌన్‌లో ముప్ఫై ఏళ్లు స్టూడియో నడిపి, షట్టర్ దించేసిన మనిషి. అప్పటికి నేను కెమెరా కొని రెండేళ్లయింది. ఆదివారం వస్తే చాలు, తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ దగ్గర వాలిపోయేవాణ్ణి. కృష్ణలో పడవలు, దుర్గా ఘాట్ మెట్ల మీద స్నానాలు, కాళేశ్వరరావు మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు... కనిపించిందల్లా నొక్కడమే. ఇంటికొచ్చేసరికి నాలుగు వందల ఫొటోలు. వాటిలో ఓ ముప్ఫై ఫ్యామిలీ గ్రూపులో పెడితే "సూపర్ అన్నయ్యా" అని వరసగా మెసేజులు. రెండేళ్లూ ఆ సూపర్లతోనే గడిచిపోయాయి. ఫొటోలు మాత్రం మొదటి నెలలో ఎలా ఉన్నాయో అలానే ఉన్నాయి.

పెద్దాయన మాటకి ఒళ్లు మండింది. కానీ ఇంటికొచ్చి చూసుకుంటే నిజమే! మనిషి ముందుకెళ్లి నిలబడే ధైర్యం లేక, పది గజాల దూరం నుంచి, వాళ్లు అటు తిరిగినప్పుడు తీసినవే అన్నీ. లోపం లెన్సులో ఉందనుకుని అప్పటికే పాతిక వేలు పెట్టి ఇంకోటి కొన్నాను. తీరా చూస్తే లోపం నా మొహమాటంలో ఉంది.

ఒక్క ఫొటో చూస్తే ఇది తెలియదండీ. నాలుగు వందలూ ఒకేచోట పరిస్తేనే మన జబ్బు బయటపడుతుంది. ఫిల్ము రోజుల్లో దీనికి కాంటాక్ట్ షీట్ అని ఉండేది. రోలులోని 36 ఫ్రేములనీ చిన్న చిన్నగా ఒకే కాగితం మీద ప్రింటు వేసి, నచ్చినదాని చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీసేవారు. ఎన్నిసార్లు తడబడ్డాడో, ఎప్పుడు దగ్గరికెళ్లాడో అంతా ఆ కాగితమే చెప్పేస్తుంది.

ఇది మనలాంటి వాళ్ల తంటా మాత్రమే అనుకోకండి. స్విట్జర్లాండ్‌లో పుట్టిన రాబర్ట్ ఫ్రాంక్ 1955 నుంచి 57 దాకా అమెరికా అంతా కారులో తిరిగి 27 వేలకు పైగా ఫ్రేములు తీశాడు. వాటిలోంచి సుమారు వెయ్యి ప్రింట్లు వేసుకుని, నేల మీద పరిచి, గోడలకి అంటించి, తీసేస్తూ తీసేస్తూ పోతే 'ది అమెరికన్స్' పుస్తకంలోకి చివరికి చేరినవి 83. అంటే వెయ్యికి మూడు! మనం నాలుగు వందలకి ముప్ఫై పంచుతున్నాం.

న్యూయార్క్ వీధుల్ని తీసిన గ్యారీ వినోగ్రాండ్‌ది ఇంకో పద్ధతి. తీసిన రోల్స్‌ని ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే, కడగకుండా అలా ఉంచేసేవాడు. తీసినప్పటి సంబరం ఫొటో మంచిచెడ్డల్ని కప్పేస్తుందని ఆయన భయం. మరీ అతి అనుకోండి, 1984లో ఆయన పోయేనాటికి కడగని రోల్సే దాదాపు 2,500 మిగిలాయి. కానీ ఆ భయంలో నిజముంది. మంచులో వణుకుతూ తీసిన ఫొటో మనకి గొప్పగానే కనిపిస్తుంది. చూసేవాడికి ఆ చలి తెలియదు కదా!

నేను ఏడాది ఆగలేను. పదిహేను రోజులు ఆగుతాను. తర్వాత నాలుగే నాలుగు ఎంచి, పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్తాను. నాలుగే ఎందుకంటే, అయిదోది తీసేసేటప్పుడే అసలు బుర్రకి పని పడుతుంది. అక్కడ ఒకటే నియమం, నేను నోరు తెరవకూడదు. "అది కాదు బాబాయ్, అప్పుడు వెలుతురు..." అని మొదలెడితే కార్డు బోర్లా పెట్టేస్తారాయన. "బాగుందా?" అనీ అడగను. "ముందు మీ కన్ను ఎక్కడికెళ్లింది?" అని అడుగుతాను. ఓసారి పడవ నడిపే అతని మొహం చూస్తారనుకుంటే, ఆయన కన్ను మూలనున్న తెల్ల పాలిథిన్ సంచీ మీదికెళ్లింది. నేను దాన్ని చూడనేలేదు! ఇప్పుడు నొక్కే ముందు నాలుగు మూలలూ ఓసారి చూసుకోవడం అలవాటైంది. మార్కెట్లోనూ ముందు ఉల్లిపాయల ధర అడిగి, నాలుగు మాటలయ్యాకే కెమెరా పైకెత్తుతున్నాను. వీపులు తగ్గాయి. పావుకేజీ ఉల్లిపాయలు ఇంటికి అదనం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఎంపిక పిచ్చి ముదిరి ఒక తప్పు చేశాను, అదీ చెప్పాలి.

ఓ సంక్రాంతికి మా తాతయ్యని తీశాను. ఓ ఇరవై ఫ్రేములుంటాయి. కిటికీ పక్కన, సగం మొహం చీకట్లో ఉన్నది ఎంచుకున్నాను. పెద్దాయన కూడా చాలాసేపు చూసి, "ఇదీ" అన్నారు. ఆయన నోట అంతకు మించి రాదు. నేను పొంగిపోయి మిగతావన్నీ డిలీట్ చేసేశాను. 'వేస్ట్ ఫ్రేములు' కదా!

ఏడు నెలలకి తాతయ్య పోయారు. పెద్దకర్మకి పటం కట్టించాలని అమ్మ ఫొటో అడిగింది. కిటికీ ఫొటో ఇచ్చాను. చూసి, పక్కన పెట్టింది.

"ఇది కాదురా. నవ్వుతూ సూటిగా చూసిందొకటి ఉండాలి. ఆ రోజు కెమెరాలో నాకు చూపించావు."

వెలుతురు చప్పగా ఉందని తీసేసిన ఫొటో అది. కార్డు అప్పటికే ఎన్నోసార్లు వాడేశాను. రికవరీ సాఫ్ట్‌వేర్‌తో రాత్రంతా వెతికినా దొరకలేదు. చివరికి ఎప్పుడో తీయించిన పాస్‌పోర్ట్ ఫొటోని పెద్దది చేయించి దండ వేశాం.

పెద్దాయనకి ఈ సంగతి చెబితే తిట్టలేదు. లోపలికెళ్లి రేకు ట్రంకు పెట్టె తెచ్చారు. నిండా నెగెటివ్‌లు, కవర్ల మీద పేర్లు, తేదీలు. ఇప్పటికీ ఎవరో ఒకరు తలుపు తట్టి, "మా నాన్న ఫొటో మీ దగ్గర తీయించుకున్నాడట" అంటారట.

ఆ వారమే రెండు టెరాబైట్ల హార్డ్ డిస్కు కొన్నాను. ఎంచినవి నాలుగు ఒక ఫోల్డర్లో, మిగతావన్నీ ఇంకో దాంట్లో ఉంటాయి. రెండోదానికి తాతయ్య పేరు పెట్టాను. అమ్మ అప్పుడప్పుడూ అదే తెరవమంటుంది.