టైర్లకూ బదిలీలు!

పిల్లలూ! మీ పాత చెప్పులు ఒకసారి తిరగేసి చూడండి. అడుగు అంతా ఒకేలా అరిగిందా? ఉండదు. కొందరికి మడమ దగ్గర, కొందరికి ఒక పక్క అంచున ఎక్కువగా అరుగుతుంది. కారు టైర్ల సంగతీ అంతే. అయితే కుడికాలి చెప్పును ఎడమకాలికి వేసుకోలేం గాని, టైర్లను ఒక చోటి నుంచి మరో చోటికి మార్చవచ్చు. ఉద్యోగులకు బదిలీలు ఉన్నట్లే టైర్లకూ బదిలీలన్నమాట! దీన్నే 'టైర్ రొటేషన్' అంటారు.

పనిలో తేడా

ఒకే రోజు కొన్న టైర్లు, ఒకే దారిలో నడిచిన టైర్లు. మరి అరుగుదలలో తేడా ఎందుకు?

బస్సులో నిలబడి ఉండగా డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే మీరు ముందుకు తూలుతారు కదూ! దానికి కారణం జడత్వం. కారు కూడా అలాగే ముందుకు వంగుతుంది. వెనక చక్రాల మీద భారం కొంత తగ్గి, ముందు చక్రాల మీద పెరుగుతుంది. మలుపు తిప్పేవీ ముందు చక్రాలే. 1983లో వచ్చిన మారుతి 800 వంటి కార్లలో ఇంజను తిప్పేది కూడా ముందు చక్రాలనే. ఇన్ని పనులు చేసే టైర్లు త్వరగా అరగడంలో వింతేముంది? 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారులో మాత్రం ఇంజను వెనక చక్రాలను తిప్పేది.

ఎలా మార్చాలి?

ముందు చక్రాలు లాగే కారులో ముందు టైర్లను అదే పక్కన తిన్నగా వెనక్కి వేస్తారు. వెనక టైర్లను ఐమూలగా ముందుకు తెస్తారు. అంటే వెనక ఎడమది ముందు కుడికి, వెనక కుడిది ముందు ఎడమకు. వెనక చక్రాలు నెట్టే కారులో వెనకవి తిన్నగా ముందుకు, ముందువి ఐమూలగా వెనక్కి వస్తాయి.

ఐమూలగా ఎందుకు? ముందుకు పోయే కారును ఎడమ పక్క నుంచి చూస్తే చక్రాలు అపసవ్య దిశలో తిరుగుతాయి. కుడి పక్క నుంచి చూస్తే సవ్య దిశలో తిరుగుతాయి. పక్క మారిన టైరు ఎదురు దిశలో తిరుగుతుంది కనుక రబ్బరు దిమ్మెల ఒక అంచే అరిగిపోదు. కొన్ని టైర్ల మీద బాణం గుర్తు ఉంటుంది. అవి ఒకే దిశలో తిరగాలి. వాటిని అదే పక్కన ముందు వెనకలుగానే మార్చాలి.

ఈ బదిలీ సాధారణంగా 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి జరగాలి. కారుతో వచ్చిన పుస్తకంలో వేరే లెక్క ఉంటే దాన్నే పాటించాలి. నట్లను వరుసగా కాక, ఎదురెదురుగా బిగిస్తేనే చక్రం సమంగా కూర్చుంటుంది. ముందు టైర్లకు ఎంత గాలి, వెనక టైర్లకు ఎంత గాలి అన్నది మళ్ళీ సరిచూడాలి.

ఇంత శ్రమ ఎందుకు?

డబ్బు ఆదా ఒక్కటే కాదు. వానలో టైరు గాడులు నీటిని పక్కకు తోసేస్తాయి. గాడులు అరిగిపోతే నీటికి దారి ఉండదు. వేగంగా పోయే కారు టైరు నీటి పొర మీద తేలిపోతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు వేసినా కారు మాట వినదు. నాలుగింటిలో ఒక్కటి నున్నబడినా ప్రమాదమే!

ఆగి ఉన్న కారు దగ్గరకు పెద్దవాళ్ళతో వెళ్ళండి. గాడిలో అగ్గిపుల్ల నిలిపి, రబ్బరు పైభాగం వచ్చినచోట గోటితో గుర్తు పెట్టి, స్కేలుతో కొలవండి. నాలుగు టైర్ల కొలతలూ రాసి పోల్చండి. గాడుల అడుగున అక్కడక్కడ 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైతే ఇక బదిలీ పనికిరాదు. కొత్త టైరు వేయాల్సిందే.

మరో మాట. టైరు నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని అర్థం. రెండు అంచులూ అరిగితే గాలి చాలలేదన్నమాట. ఒక్క అంచే అరిగితే చక్రాల అమరికలో లోపం ఉండవచ్చు. ముందు ఆ లోపాన్ని సరిచేయించాలి. లేకుంటే బదిలీ పేరుతో ఆ లోపాన్ని నాలుగు టైర్లకూ పంచిపెట్టినట్లే!